ఊరంతా బడివైపే

మాన్విత గోడవైపు తిరిగి అన్నం తింటోంది.

మిగతా పిల్లలంతా వరండాలో రెండు వరుసలుగా ఎదురెదురుగా కూర్చుని, పప్పన్నం కలుపుకుంటూ గోలగోలగా మాట్లాడుకుంటున్నారు. ఆ పిల్ల ఒక్కతే చివరి స్తంభం దగ్గర అందరికీ వీపు పెట్టి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింటోంది. రచన మేడం మొదట పట్టించుకోలేదు. నాలుగో తరగతి పిల్లల అలకలు అన్నం తిని చేయి కడుక్కునే దాకా కూడా నిలవవని ఇన్నేళ్ల నౌకరీలో ఆమెకు తెలిసిందే. పిల్లకు గుడ్డు అందిందో లేదో చూద్దామని దగ్గరికి వెళ్లింది.

"ఏమైందే మాన్వితా? ఇటు రా, అందరితోటి కూసో."

పిల్ల తల అడ్డంగా ఊపింది. కళ్లతోనే అటు పొమ్మని సైగ చేసింది.

"అలిగినవా?"

"నాతోని మాట్లాడకుండ్రి మేడం," అంది గుసగుసగా. "మీకు గూడ జుర్మానా వడ్తది."

వెనక వరుసలో నవ్వులు వినిపించాయి. రచన తిరిగి చూసేసరికి ఐదో తరగతి సాయిచంద్ లేచి నిలబడ్డాడు. గ్రామాభివృద్ధి కమిటీ అధ్యక్షుడు హనుమండ్లుకు మనవడు వాడు. తాత లాగే ఒక చేయి నడుము మీద పెట్టుకున్నాడు.

"మేడం, మేము గూడ కమిటి వెట్టినం. మాన్విత కట్టు తప్పింది. నిన్న స్టేజి కాడ స్నిగ్ధతోని మాట్లాడింది, చాక్లెట్ గూడ తీసుకున్నది. ఐతారం దాక ఆమెతోని ఎవ్వలు మాట్లాడద్దని తీర్మానం చేసినం."

"ఎవరు చేసిండ్రు తీర్మానం?"

"అందరం చేతులెత్తినం మేడం. మాన్విత గూడ ఎత్తింది."

రచన మాన్విత వైపు చూసింది. అవునన్నట్టు పిల్ల తలాడించి, గుడ్డును రెండు ముక్కలు చేసి నోట్లో పెట్టుకుంది. మొహంలో ఏడుపు లేదు, కోపం లేదు. ఊళ్లో పెద్దలు పాటించే మర్యాద ఒకటి తానూ పాటిస్తున్నట్టు బుద్ధిగా గోడవైపు చూస్తూ నమిలింది. రచన పిల్లలను కసిరి మాన్వితను లేపి వరుసలో కూర్చోబెట్టింది గానీ, అటూ ఇటూ కూర్చున్న పిల్లలు తలో జానెడు పక్కకు జరిగారు.

రేగులకుంటకు పంచాయతీ ఉంది, పంచాయతీకి రంగు వేసిన భవనం ఉంది, కానీ ఊరు నడిచేది కమిటీ మాట మీద. కల్లు ధర కమిటీ చెప్పాలి, కోడి కూర ధర కమిటీ చెప్పాలి, ఎవరింటి గొడవైనా ఠాణాకు పోకముందు కమిటీ ముందుకు రావాలి. చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఇది అలవాటే. మాట వినని ఇంటికి జుర్మానా, అదీ కట్టకపోతే ఊరి కట్టు. ఆ ఇంటితో ఎవరూ మాట్లాడరు, దుకాణంలో ఉప్పు పప్పు అమ్మరు, కైకిలి కూలికి వెళ్లరు, రమ్మనరు. వాళ్లతో మాట్లాడినవాళ్లకూ అదే శిక్ష.

జూన్‌లో బడి తెరిచినప్పుడు రచన ఆ కమిటీ ముందే నిలబడింది. పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు, బడిని పక్క ఊరి బడిలో కలుపుతామని పై నుంచి మాట వచ్చింది. పొద్దున పొద్దునే పసుపు పచ్చ బస్సు ఊరి నడిమికి వచ్చి హారన్ కొట్టి పిల్లలందరినీ చొప్పదండి ప్రైవేటు బడికి పట్టుకుపోయేది. "మీ ఊరి బడి, మీరే నిలబెట్టుకోవాలె" అని ఆమె చేతులు జోడించింది. కమిటీ నిలబెట్టింది. ఊళ్లోకి బస్సు రావద్దని, ఊరి పిల్లలు ఊరి బడికే పోవాలని మరునాడే పంచాయతీ మైకులో చెప్పించింది. బడి నిండింది. గోడలకు రంగులు వచ్చాయి, మోటారు వచ్చింది, పంద్రాగస్టు నాడు ఆమెకు శాలువా కప్పారు. పిల్లలు ఎలా వచ్చారని అడగడానికి ఆమెకు మనసు రాలేదు. వచ్చారు కదా అనుకుంది.

రానిది ఒక్క స్నిగ్ధ. వాళ్లమ్మ నవనీత ఆ ప్రైవేటు బడి బస్సులోనే ఆయా. భర్త లక్ష్మణ్ మస్కట్‌లో ఉన్నాడు, ఇంట్లో అత్త యాదవ్వ. బస్సు ఊళ్లోకి రావడం ఆగిపోయాక తల్లీ కూతుళ్లు పొద్దున్నే రోడ్డు మీది స్టేజి దాకా నడిచి వెళ్లి బస్సెక్కుతున్నారు. దసరా అయ్యాక ఆ ఇంటికి కట్టు పడింది. ఆ సంగతి కూడా రచనకు తెలుసు. తెలిసినా అది ఊరి వ్యవహారం అనుకుని ఊరుకుంది. ఈ రోజు అది తన వరండాలోకి వచ్చి కూర్చుంది.

*

బడి విడిచాక ఆమె వడ్లు కొనే సెంటర్ వైపు నడిచింది. ఊరి బయట రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. హనుమండ్లు లుంగీ పైకి మడిచి కట్టి, వడ్లలో కాళ్లు ఈడుస్తూ సాళ్లు తీస్తున్నాడు. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు. అతని వెనక వడ్లు రెండుగా చీలి కింది తడి పైకి తేలుతోంది.

"అగో, మేడమా! రా బిడ్డా, రా," అన్నాడు ఆగకుండానే. "సోమారం సార్లు ఎన్ని గంటలకు అస్తుండ్రట? చాయ్ బిస్కెట్లు మా కమిటీయే. మీరేం ఫికర్ వెట్టుకోకుండ్రి."

మండల విద్యాధికారి చుట్టుపక్కల బడుల హెడ్మాస్టర్లను వెంటబెట్టుకుని సోమవారం వస్తున్నాడు. ఊరు, బడి కలిసి పనిచేస్తే ఎలా ఉంటుందో రేగులకుంటలో చూపిస్తానని అందరికీ చెప్పాడు. హనుమండ్లు ఆ మాట విన్నప్పటి నుంచి నేల మీద నడవడం లేదు. చిన్నప్పుడు తాను కూడా ఆ బడిలోనే చదివాడు. బోరు వేసిన రోజున నీళ్లు పైకి లేస్తే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టింది రచన కళ్లారా చూసింది.

ఆమె మాన్విత సంగతి చెప్పింది. అతను పెద్దగా నవ్వాడు.

"మా సాయిగాడా అధ్యక్షుడు? వాని సంగతి సల్లగుండ, అచ్చం నా లెక్కనే!"

"నాకు నవ్వు రాలేదన్నా. నవనీత వాళ్ల కట్టు తీసెయ్యుండ్రి."

హనుమండ్లు కాళ్లు వడ్లలోనే ఆగిపోయాయి.

"ఆమె చెప్పి పంపిందా?"

"లేదు. నేనే అడుగుతున్న. వాళ్ల వరి రాలుతుందట. కోత మిషన్ పోనిస్తలేరట. మొగులు చూస్తే వాన వచ్చేటట్టే ఉన్నది."

"పిల్లను బడికి తోలుమను. తెల్లారె మిషన్ నేనే పంపుత."

"పిల్లను అక్కడ మాన్పిస్తే ఆమెను పనికి రావద్దంటరు. ఆయా బిడ్డనే చదవకపోతే వేరేవాళ్లు ఎందుకు పంపుతరని."

"గది ఆమె ఎరుక. మాకు పగా ఏమన్నా?" అతను లుంగీ కొసతో మొహం తుడుచుకున్నాడు. గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువగా ఉంది. "మేడం, జూన్ల మా ముంగట నిలవడి మీరేమన్నరు? బడిని నిలవెట్టుండ్రి అన్నరా లేదా?"

"అన్న."

"మాకు పాఠాలు చెప్పరాదు. పెద్ద సార్లతోని ఇంగ్లీషుల మాట్లాడరాదు. మాకచ్చిన పని గిదొక్కటే, కట్టు వెట్టుడు. మీరు అడిగిండ్రు, మేము వెట్టినం. ఇప్పుడు ఒక్కలకు తీస్తే రేపు పది మంది అడుగుతరు. ఎల్లుండి బస్సు అచ్చి మీ గేటు ముంగట్నే హారన్ కొడ్తది. అప్పుడు నా కాడికి రాకు బిడ్డా."

అతను చెప్పిందాంట్లో ఒక్క మాటా తప్పు కాదు. అదే ఆమెకు ఎక్కువ బాధ అనిపించింది. సిగ్గుపడాలో భయపడాలో తెలియక, రెండూ పడుతూ బస్సు స్టేజి వైపు నడిచింది. వెనక హనుమండ్లు మళ్లీ వడ్లలో కాళ్లు ఈడ్వడం మొదలుపెట్టాడు.

శుక్రవారం, శనివారం ఆమె పిల్లలకు మంచిమాటలు చెప్పింది, కథలు చెప్పింది, బెదిరించింది. ఆమె ముందు మాన్వితతో మాట్లాడేవాళ్లు, ఆమె అటు తిరగగానే మూతి బిగించేవాళ్లు. తోటి టీచరు అరుణ్‌కుమార్ మాత్రం సోమవారానికి చార్టులు అంటించడంలో మునిగిపోయాడు. "పిల్లల ఆటలు మేడం, లైట్ తీసుకోండ్రి," అన్నాడు. శనివారం సాయంత్రం అతను వరండాలో ఒక బ్యానర్ కట్టాడు. ఊరంతా బడివైపే అని దాని మీద రాసి ఉంది.

*

ఆదివారం రచన కరీంనగర్‌లోని తన ఇంటి నుంచి పాత చీరె ఒకటి కట్టుకుని బయలుదేరింది. ఏం చేయాలో ఆమె అనుకుని రాలేదు. నవనీతతో ఒకసారి మాట్లాడాలని మాత్రమే వచ్చింది. ఇంటికి తాళం వేసి ఉంది. ఎవరినైనా అడిగితే వాళ్లకు ఇబ్బంది అవుతుందని తనే పొలాల వైపు వెళ్లింది.

ఎకరం పైచిలుకు మడిలో అత్తాకోడళ్లు ఇద్దరే వంగి కొడవళ్లతో వరి కోస్తున్నారు. చుట్టూ మడులన్నీ మిషన్ కోసిన మోళ్లతో బోసిగా ఉన్నాయి. వీళ్ల మడి ఒక్కటే బరువెక్కి, అక్కడక్కడ ఒరిగి, గాలికి గలగలమంటోంది. స్నిగ్ధ గట్టు మీద కూర్చుని రాలిన కంకులు ఏరి సంచిలో వేస్తోంది. రచనను చూడగానే లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడం," అంది.

నవనీత నడుం ఎత్తి చూసి మళ్లీ వంగింది.

"నవనీతా, నేను..."

"పని ఉన్నది మేడం. మొగులు చూస్తున్నరు గద."

"నీతోని మాట్లాడదామని వచ్చిన."

"ఇయ్యాల యాదికచ్చినమా?" నవనీత చేయి ఆగలేదు. ఎడమ చేత్తో మొదళ్లు కలిపి పట్టుకుని, కుడిచేతి కొడవలి తనవైపు లాగి, కోసిన పిడికిలిని పక్కకు పడేస్తోంది. "బస్సు బంద్ వెట్టిచ్చింది మీరే గద. నేను ఎవ్వలి పిల్లలనన్న గుంజుకపోయిన్నా? తల్లులు ఎక్కిస్తే చెయ్యి వట్టి కూసోవెట్టిన. గదే నా పని. మీ బడి నిండాలె, మంచిదే. నిండనీయుండ్రి. నా పొట్ట మీద నిండాల్నా?"

రచన తప్పయిందని అనడానికి నోరు తెరిచింది గానీ, ఆ మాట ఈ మడి ముందు మరీ చిన్నదిగా అనిపించింది. గట్టు మీద ఇంకో కొడవలి ఉంది. చెప్పులు విప్పి, కొంగు నడుముకు దోపి, అది తీసుకుని మడిలోకి దిగింది.

యాదవ్వ కోత ఆపి నోరు తెరిచి చూసింది. "ఓ పిల్లా, గిదేంది? రోడ్డు మీద అచ్చెటోళ్లు పోయెటోళ్లు చూస్తరు. నీకు గూడ కట్టు వడ్తది."

"పడనీ అవ్వా."

"గంత పైన కోస్తే ఎట్ల? గడ్డి లేకుంటే బర్రె ఏం తినాలె? కిందికి వంగు. ఇంక వంగు. బల్పం వట్టినట్టు వట్టకు, గట్టిగ వట్టు."

రచన వంగింది. రెండు సాళ్లు పోకముందే నడుం పట్టేసింది, చేతుల మీద వరి ఆకులు గీరుకుపోయి మంట మొదలైంది. అత్తాకోడళ్లు ఒక్క పట్టు కోసే లోపల ఆమె పిడికెడు కూడా కోయలేకపోతోంది. అయినా ఆగలేదు. రోడ్డు మీద మోటారు సైకిళ్లు మెల్లగా అయి, ఆగి, మళ్లీ వెళ్లడం వంగినచోటి నుంచే ఆమెకు తెలుస్తోంది. మొదటి మోటారు సైకిల్ ఆగినప్పుడు తల ఇంకా కిందికి వంచింది. రెండోది ఆగేసరికి అలవాటయింది.

పొద్దు నడినెత్తికి వచ్చాక నవనీత నీళ్ల బాటిల్ తెచ్చి గట్టు మీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు. "తాగుండ్రి. చేతులకు గుడ్డ సుట్టుకోండ్రి," అని ఊరుకుని, కాసేపటికి మళ్లీ అంది. "రేపు మీ బడికి ఎవ్వలు రారు మేడం. పెద్ద సార్లు అస్తుండ్రట గద. ఎందుకు చేసుకున్నరు గిట్ల?"

"మాన్విత నన్ను మాట్లాడొద్దన్నది," అంది రచన. "స్నిగ్ధతోని మాట్లాడిందని పిల్లలు దానికి కట్టు పెట్టిండ్రు." నీళ్లు తాగింది.

*

సాయంత్రం మడిలో సగం మిగిలే ఉంది. రచన రోడ్డెక్కే వేళకు పంచాయతీ మైకు కరకరమని మోగింది. చాటింపు చెప్పే పరశురాములు గొంతు ఎప్పటిలాగే తొణకకుండా వచ్చింది.

"గ్రామ ప్రజలందరికి తెలియజేయునది ఏమనగా, మన బడి పెద్ద మేడం ఊరి కట్టు తప్పినందున, ఇప్పటి సంది మేడంతోని ఎవ్వలు మాట్లాడరాదు. మాట్లాడినోళ్లకు జుర్మానా ఉండునని కమిటి తీర్మానం..."

మలుపు దగ్గర, ఎప్పుడూ ఆమెను స్టేజి దాకా దింపే ముత్యం ఆటో ఆగి ఉంది. ఆమె ఎక్కబోతుంటే ముత్యం తల తిప్పి హ్యాండిల్ వైపు చూస్తూ మాట్లాడాడు.

"నేను ఎవ్వలితోని మాట్లాడుతలేను. గాలితోని మాట్లాడుతున్న. ఓ గాలీ, నా ఆటో ఎక్కకు. నడిచిపోతే తొందరగనే స్టేజి అస్తది. సీకటి కాకముందే పో. నన్నేమనుకోకు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. రెండింటినీ మింగి నడక మొదలుపెట్టింది.

*

సోమవారం ఆమె వెళ్లేసరికి అరుణ్‌కుమార్ ఇస్త్రీ చొక్కాతో గేటు దగ్గర తల పట్టుకుని నిలబడ్డాడు. బడి లోపల పిల్లలు ఒక్కరూ లేరు. కానీ పిల్లలు రాకపోవడం కాదు. గేటుకు ఎదురుగా రోడ్డు అవతల అంతా అక్కడే ఉన్నారు. తలలు దువ్వుకుని, సంచులు తగిలించుకుని, తల్లుల చేతులు పట్టుకుని గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరూ రోడ్డు దాటడం లేదు, ఎవరూ ఇంటికి మళ్లడం లేదు.

రచన బెల్లు కొట్టింది. పిల్లలు ముందుకు కదిలారు, తల్లులు వెనక్కి లాగారు.

కమిటీ వాళ్లు నలుగురైదుగురు చాయ్ ఫ్లాస్కులతో వచ్చారు. హనుమండ్లు తెల్లచొక్కా వేసుకుని, మెడలో కండువాతో ఉన్నాడు. గుంపును చూసి ఆగిపోయాడు.

"ఏంది, గిక్కడ నిలవడ్డరు? సార్లచ్చే యాళ్ల అయింది."

గుంపులోంచి మాన్విత తల్లి రజిత ముందుకు వచ్చింది. బీడీలు చుట్టే మనిషి, చేతులకు ఆకు వాసన ఎప్పుడూ పోదు. ఊరి మీటింగుల్లో ఆమె నోరు విప్పగా ఎవరూ చూడలేదు.

"ఒక్క మాట అడుగుతం మామా. చెప్పినంక పోతం."

"ఏంది?"

"పిల్లలను మన బడికి తోలకుంటే జుర్మానా అన్నరు గద మొన్న?"

"ఔ, అన్నం."

"మేడంతోని మాట్లాడితే జుర్మానా అన్నరు నిన్న."

"అన్నం."

"మరి ఇయ్యాల తోలాల్నా వద్దా? తోలితే పిల్ల మేడంతోని మాట్లాడ్తది, గదొక జుర్మానా. తోలకుంటే ఇంకోటి. ఏది కట్టాలె? జర చెప్పు మామా, గదే కడ్తం."

ఎవరో కిసుక్కున నవ్వారు. హనుమండ్లు తన పక్కవాళ్ల వైపు చూశాడు. వాళ్లు ఫ్లాస్కుల వైపు చూశారు. నిన్న తీర్మానం చేసేటప్పుడు ఈ ముచ్చట ఒక్కరికీ తట్టలేదు.

"తోలుండ్రి," అన్నాడు ఆలోచించి. "తోలుండ్రి గని పిల్లలు మేడంతోని మాట్లాడద్దు. ఊకె కూసోవాలె."

"హాజరు పిలిస్తే?" అంది ఇంకో తల్లి.

"అంటే... ఎస్ మేడం అనచ్చు."

"లెక్కలు అడిగితే?" "ఒంటికి పోతమని అడగచ్చునా తాతా?" "రైమ్స్ చెప్పచ్చునా?" పిల్లలు కూడా అందుకున్నారు. సాయిచంద్ తన తాత మొహంలోకి శ్రద్ధగా చూస్తూ, "తాతా, చెయ్యెత్తమందామా?" అన్నాడు. ఇక రోడ్డు రోడ్డంతా నవ్వింది. నవ్వి నవ్వి కొందరు తల్లులు కొంగు నోట్లో కుక్కుకున్నారు. కట్టుకు భయపడి కొన్నేళ్లుగా బిగబట్టుకున్నదేదో ఆ నవ్వులో కొంత వదిలింది.

హనుమండ్లు మొహం ఎర్రబడింది. అతను రోడ్డు దాటి గేటు దగ్గరికి వచ్చి, రచనతో గొంతు తగ్గించి మాట్లాడాడు. కట్టు తప్పిన మనిషితో మాట్లాడుతున్నానని కూడా అతనికి గుర్తు లేనట్టుంది.

"బిడ్డా, గిప్పుడే జీపు అస్తది. ఇజ్జత్ పోతది. నీ మీది కట్టు తీసేస్తున్న. పిల్లలను లోపటికి పిలువు."

"నాది ఒక్కదానిదే అయితే వద్దన్నా."

"నవనీతది గూడ తీస్త, పో."

"బస్సుది?"

అతను ఖాళీ వరండా వైపు చెయ్యి చూపించాడు. "బస్సుది తీస్తే నీ బడి ఉండదు మేడం. తెలిసే అంటున్నవా?"

ఆమెకు తెలుసు. కిందటి ఏడాది ఖాళీ బెంచీలు, పక్క ఊళ్లో కలుపుతామన్న మాట, బదిలీ, ఈ మనిషి కొట్టించిన బోరు, అన్నీ కళ్ల ముందు కదిలాయి. అయినా చెప్పింది.

"తెలుసన్నా. మీరు బడికి చేసింది నేను మర్చిపోను. కానీ భయపెట్టి తెచ్చిన పిల్లలకు నేను ఏం చెప్పినా వాళ్లు భయమే నేర్చుకుంటుండ్రు. బతిమిలాడి తెద్దాం. రాకపోతే ఇంకోసారి బతిమిలాడుదాం. మీరు నాతోని ఇంటింటికి వస్తరా?"

దూరంగా జీపు హారన్ వినిపించింది. హనుమండ్లు గుంపు వైపు తిరిగి, కండువా ఒకసారి దులిపి భుజాన వేసుకున్నాడు.

"కట్లన్ని తీసినం. ఎవ్వల పిల్లలు వాళ్ల ఇష్టం," అన్నాడు. మైకు లేకుండా అంత మెల్లగా అతను మాట్లాడటం ఊరు వినడం అదే మొదటిసారి. తరువాత కొడుకును పిలిచి, మిషన్‌ను యాదవ్వ మడికి తోలుకుపొమ్మన్నాడు.

ఆ రోజు పిల్లలంతా లోపలికి వచ్చారు. హెడ్మాస్టర్లు బ్యానర్ కింద ఫోటోలు దిగారు, బిస్కెట్లు తిన్నారు. పిల్లలను ఇంతమందిని ఎలా తెచ్చారని ఒకాయన అడిగితే హనుమండ్లు రచన వైపు చూశాడు. "జుర్మానా వేస్తమని బెదిరించి తెచ్చినం సార్. ఇవ్వాళ పొద్దున్నే మానేసినం," అంది ఆమె. వాళ్లు అది హాస్యమనుకుని నవ్వారు. మండల విద్యాధికారి మాత్రం నవ్వలేదు. చాయ్ కప్పు బల్ల మీద పెట్టి, తరువాత ఫోన్ చేస్తానని చెప్పి లేచాడు.

*

మంగళవారం పొద్దున పసుపు పచ్చ బస్సు ఊరి నడిమికి వచ్చి, బడి గేటుకూ వీధికీ మధ్య అడ్డంగా ఆగి హారన్ కొట్టింది. నవనీత మెట్టు మీద నిలబడి ఉంది. స్నిగ్ధ కిటికీ పక్కన కూర్చుంది. బస్సుకు అవతల వైపు నుంచి పిల్లల గొంతులు, తల్లుల గొంతులు వినిపిస్తున్నాయి. ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు నిలబడ్డారో గేటు దగ్గరి నుంచి రచనకు కనిపించడం లేదు. కిటికీల్లో మాత్రం ఒక్కో తల పైకి తేలుతోంది. సాయిచంద్ తల కూడా తేలింది. వాడు ఆమెను చూసి చేయి ఊపాడు, ఆమె కూడా ఊపింది.

నవనీత ఆమెను చూసింది. నవ్వలేదు. "చేతులెట్లున్నయి మేడం?" అని అరిచి, జవాబు వినేలోపల తలుపు మీద రెండు దెబ్బలు కొట్టింది. బస్సు కదిలింది.

బస్సు వెళ్లాక రోడ్డు అవతల పిల్లలు మిగిలి ఉన్నారు. నిన్నటి గుంపులో సగానికి కొంచెం తక్కువ. జూన్‌లో ఉన్నవాళ్ల కంటే మాత్రం చాలా ఎక్కువ. ఎవరూ చేయి పట్టి లాగకుండానే వాళ్లు రోడ్డు దాటి లోపలికి వచ్చారు. మాన్విత ఇద్దరు ఆడపిల్లల మధ్య, ఆపకుండా ఏదో చెబుతూ నడిచింది.

వాళ్ల వెనక రజిత కూడా వచ్చింది. పిల్లను తరగతిలోకి పంపి తను వరండా మెట్ల దగ్గరే నిలబడింది.

"మేడం, తోలిన."

"సంతోషం రజితా. నువ్వు నిన్న అడగకపోతే..."

"నిన్నటి ముచ్చట పోనీయుండ్రి." రజిత కొంగు సర్దుకుంది. నిన్న రోడ్డు మీద ఉన్న నవ్వు ఆమె మొహంలో ఇప్పుడు లేదు. "గిన్ని దినాలు కమిటి తోలింది. ఏమన్న అడగాల్నంటే కమిటీనే అడగాలె, వాళ్లను అడుగుడు మనతోని అయితదా అని ఊకున్న. ఇయ్యాల నేను తోలుతున్న. బస్సు ఎక్కిద్దునా అని రాత్రంత ఆలోచించి, ఎక్కియ్యకుంట మీ కాడికి తెచ్చిన. అందుకే అడుగుతున్న. మా మాన్వితకు భాగారం ఇంక రాదు. నాలుగో తరగతి. ఎందుకు రాదు మేడం?"

పిల్లలు ఎక్కువయ్యారని అనవచ్చు, ఇద్దరే టీచర్లమని అనవచ్చు, ఆన్‌లైన్ పనులతో తీరిక ఉండటం లేదని అనవచ్చు. అవన్నీ నిజమే. ఐదు నెలల్లో జరిగిన ప్రతి మీటింగుకూ ఊరు కదిలి వచ్చింది, చప్పట్లు కొట్టింది, ఒక్క తల్లీ ఈ మాట అడగలేదు. అడగకపోవడమే తన గెలుపని ఇంతకాలం అనుకున్నందుకు రచనకు తల కొట్టేసినట్టయింది.

"నేను సరిగ్గ చెప్పలే రజితా," అంది చివరికి. "మాన్వితకే కాదు, ఇంకా కొందరికి రాదు."

"మరెట్ల?"

"కూసో. ఇద్దరం మాట్లాడుకుందాం. నీకు పని ఆలస్యమైతదా?"

"బీడీల చాట ఇంట్లనే వెట్టి అచ్చిన," అంది రజిత. వరండా మెట్టు మీద కొంగుతో దుమ్ము కొట్టి కూర్చుని, పక్కన ఆమెకు కూడా జాగా చేసింది. "చెప్పుండ్రి."